మా అత్తకు షుగర్ లేదు

మా మేనత్త చనిపోయింది. బడిలో మూడో పీరియడు నడుస్తుండగా బాపు ఫోన్ చేశాడు. "అత్త పోయింది బిడ్డా" అన్నాడు. నేను ఏమైనా అడిగేలోపే, "షుగర్ ఎక్కువై పోయిందని జెప్తున్నం. నిన్నెవలన్న అడిగితె గదే జెప్పు" అన్నాడు. చెల్లెలు పోయి ఇంకా గంట కాలేదు. ఏడవడానికి ముందే ఆయన అబద్ధాన్ని సర్దిపెట్టుకున్నాడు. పిల్లలకు ఒక లెక్క ఇచ్చి వరండాలోకి వచ్చి నిలబడ్డాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా అది తగ్గలేదు కాబట్టి చదివేవాళ్ళు కాస్త ఓర్చుకోవాలి.

షాద్‌నగర్ నుంచి నారాయణపేట చేరేదాకా బస్సులో ఫోన్ మోగుతూనే ఉంది. ప్రతి చుట్టమూ అదే మాట. "షుగర్ మా చెడ్డది బిడ్డా, లోపల్లోపల తింటది" అని ఒకరు. "షుగరోళ్ళు కాలికి దెబ్బ తాకకుండ సూసుకోవాలె" అని ఇంకొకరు. నేను అవునన్నాను. రోజూ పిల్లలకు నిజం చెప్పాలని పాఠం చెప్పే పంతులమ్మను, పాలమూరు దాటేదాకా అవును అవును అంటూనే పోయాను.

ఆమెకు షుగర్ లేదు. ఏనాడూ లేదు. టీలో మూడు చెంచాల చక్కెర పోసుకుని, తాగాక గ్లాసు అడుగున మిగిలింది వేలితో తీసి నాకే మనిషి. ఆమెకు ఉన్నది హెచ్ఐవీ. ఆమెను చంపింది అది కూడా కాదు. అది చాలా ఏళ్ళ కిందటే మందులకు లొంగి మూలకు కూర్చుంది. చంపిందెవరో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అత్త మా బాపుకు ఒక్కగానొక్క చెల్లెలు. పెళ్ళయ్యాక మామతో భివండి వెళ్ళింది. ఆయన అక్కడ మరమగ్గాల మీద పనిచేసేవాడు, అక్కడే పోయాడు. తెలంగాణ వచ్చిన ఏడు ఆమె ఒక ట్రంకుపెట్టెతో పుట్టింటికి తిరిగి వచ్చింది. పెట్టెలో నాలుగు చీరలు, ఒక కట్ట మందుల చీటీలు. వచ్చిన రోజే బాపును, అమ్మను, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "నాకు హెచ్ఐవీ ఉన్నది. మీ బావ నుంచి వచ్చింది. రోజు గోలీలు మింగుతున్న. ఉండుమంటె ఉంట, పొమ్మంటె పోత" అంది. అంత తేటగా చెప్పిన మనిషి నోరు ఆ తరువాత మేమే మూయించాం.

"ఏడికి పోతవే, నీ ఇల్లే గద" అన్నాడు బాపు. ఆ ఒక్క మాటకు ఆయనకు ఇప్పటికీ దండం పెడతాను. అమ్మ కంచం వేరు చేయలేదు, గ్లాసు వేరు చేయలేదు. అందుకని మేము మంచివాళ్ళమని మాకు గట్టి నమ్మకం ఉండేది.

మా ఇంట్లో రెండు గుంట మగ్గాలు. నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు దించి, అంచు మీద కూర్చుని నేయాలి. పైన చేయి అడ్డపోగు మోసే నాడెను ఆడిస్తుంటే కింద పాదాలు రెండు కర్రలను మార్చి మార్చి తొక్కాలి. కళ్ళు బట్ట మీద ఉంటాయి. గుంతలోకి ఎవరూ చూడరు, చూసినా అక్కడ చీకటే. ఏ కర్ర కింద ఉందో పాదానికి తెలియాలి. అత్త పదేళ్ళప్పటి నుంచి తొక్కిన కర్రలే అవి.

వచ్చిన కొద్ది నెలలకు ఆమె నేసిన చీరల్లో జంట పోగులు పడసాగాయి. ఒకే కర్రను రెండుసార్లు తొక్కితే రెండు పోగులు ఒకే సందులో పడి బట్ట మీద గీత తేలుతుంది. నిన్న మొన్న మగ్గమెక్కినవాళ్ళు చేసే తప్పు అది. చీరలు తీసుకునే సేటు రెండు తిప్పి పంపాడు. "ధ్యాస ఏడవెట్టి నేస్తున్నవే?" అని బాపు కేకలేశాడు. మర్నాడు అత్త నన్ను మగ్గం దగ్గరికి పిలిచింది. నేను మేనకోడలిని కదా, కోడలా అనే పిలిచేది.

"కోడలా, జర వంగి సూడు. నేను కుడిది తొక్కుతున్ననా, ఎడమదా?"

"ఎడమది అత్తా."

"నాకు రెండు ఒక్కతీరుగనే ఉన్నయి" అంది.

నెలకోసారి మందుల కోసం పాలమూరు పెద్దాసుపత్రికి పోయేది. అక్కడ రోగులకు సలహాలు చెప్పే కౌన్సిలరమ్మ ఒకసారి నన్ను కూడా కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. ఈ వైరస్ నరాలను కూడా పాడుచేస్తుంది. పాత మందుల్లో కొన్ని కూడా అదే పని చేసేవి. అత్త భివండిలో మొదట మింగినవి అవే. తరువాత మందులు మార్చారు, వైరస్ అణిగింది, రక్తపరీక్షకు దొరకడమే మానేసింది. కానీ దెబ్బతిన్న నరాలు మళ్ళీ మొదటిలా అవుతాయని చెప్పలేమంది. "కాలికి తెలియదు కాబట్టి కంటితో చూడాలె. రోజూ అరికాలు చూసుకోవాలె. ఇంట్లో కూడా ఉత్త కాళ్ళతోని నడవద్దు" అంది. చిన్న దెబ్బ తగిలినా వెంటనే రమ్మంది. నేను తల ఊపాను. తల ఊపడంలో మా ఇంటిల్లిపాదికీ పేరుంది.

అత్త పాదాలు విచిత్రమైనవి. "ఎవలో మేజోళ్ళు తొడిగి ఇడిసిపెట్టినట్టుంటది" అనేది. చీమ కుట్టినా తెలియదు. పొద్దుగూకితే మాత్రం మంటలు. పడుకున్నప్పుడు పాదాల మీద దుప్పటి పడనిచ్చేది కాదు. "మొద్దుబారిన కాలికి మంటేంది అత్తా?" అని అడిగాను ఒకసారి. "గదే నాకు సమజ్ గాదు కోడలా. నిప్పు తొక్కితె తెల్వదు, దుప్పటి తాకితె మండుతది. నా కాళ్ళు కూడ మీ బాపు లెక్కనే, అడిగినదానికి జవాబియ్యయి, అడగనిదానికి అరుస్తయి" అని నవ్వింది.

అంత మాత్రానికి మగ్గం దిగిపోయే మనిషి కాదు. నా చిన్నప్పటి పట్టీల నుంచి ఒక మువ్వ తీసి కుడి కర్రకు కట్టింది. ఎడమ కర్రకు మేక మెడలో కట్టే చిన్న గంట కట్టింది. కుడిది తొక్కితే మువ్వ, ఎడమది తొక్కితే గంట. వరుస తప్పితే చెవికి తెలిసిపోతుంది. "కాళ్ళు జెప్పకపోతె చెవులన్న జెప్పాలె గద" అంది. ఆ తరువాత ఆమె చీరలో ఒక్క జంట పోగు చూపించినవాడు లేడు. ఈ ముసలితనంలో మగ్గానికి గజ్జెలు కట్టిందని వాడకట్టులో నవ్వుకున్నారు. అత్త వాళ్ళకంటే ఎక్కువ నవ్వింది. చెవితో నేసిన ఆ చీర ఒకటి నా దగ్గర ఉంది, నీలం మీద ఎర్ర గళ్ళది. ఎవరికైనా చూపించమంటే చూపిస్తాను, తప్పు పట్టమనండి.

ఇక షుగర్ సంగతి. అది నా పెళ్ళితో మొదలైంది. పిల్లవాడి వైపు పెద్దమనిషి ఒకాయన, "మీ చెల్లె నెలనెల పాలమూరు దవాఖానకు ఎందుకు పోతది?" అని అడిగాడు. బాపు రెప్ప వేయకుండా "షుగర్" అన్నాడు. అత్త లోపలి గదిలో ఉంది, విన్నది. నేను విన్నాను. నా పెళ్ళి కోసమే కదా అని ఊరుకున్నాను. పెళ్ళయిన రెండో నెలలో మా ఆయనకు నేనే చెప్పేశాను. "గంతేనా? నేనింకేందో అనుకున్న. గోలీలు మంచిగ మింగుతున్నదా?" అన్నాడు. ఎవరి కోసం అబద్ధం పుట్టిందో అతనికే అక్కర లేకపోయింది. అయినా అది చావలేదు. ఆ మాట బాపుకు చెబితే, "అల్లునికి తెలిస్తె తెలిసింది, లోకానికి తెల్వాల్నా?" అన్నాడు. అబద్ధమాడినవాడికి జ్ఞాపకం ఎక్కువ ఉండాలంటారు. మా ఇంట్లో ఆ జ్ఞాపకం పెట్టుకోవలసింది మాత్రం అత్త.

పెళ్ళిళ్ళలో ఆమె విస్తట్లో లడ్డు పడబోతే పక్కవాళ్ళు చేయి అడ్డం పెట్టేవాళ్ళు. "ఆమెకు షుగర్ ఉన్నది, ఎయ్యకు" అని. పండగలకు తీపి పోలెలు చేస్తే చుట్టాల ముందు ఆమెకు జొన్నరొట్టె. చక్కెర లేని టీ అందరి ఎదుటా తాగి, "మంచిగున్నది" అనేది. చుట్టాలు గడప దాటగానే గ్లాసు చాచి, "ఇగ నా షుగర్ పోయింది. అన్నా, సక్కెర తే" అనేది. బాపే డబ్బా తెచ్చి మూడు చెంచాలు వేసి కలిపి ఇచ్చేవాడు. అందరం నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను, దాచడం ఏదో సరదా ఆట అన్నట్టు. తలుచుకుంటే నా చెంప మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఒక్కసారి మాత్రం ఆమె నవ్వు లేకుండా మాట్లాడింది. "పాలమూరుల మా లైన్ల కూసున్నోళ్ళందరం ఒకల పేరు ఒకలం పిలుసుకుంటం, రోగం పేరు గూడ పిలుసుకుంటం. ఆడ నా పానం అల్కగ ఉంటది. ఇంటికొస్తె మళ్ళ షుగర్" అంది. అప్పుడన్నా మేము వినాల్సింది.

కౌన్సిలరమ్మ చెప్పి చెప్పి చివరికి మెత్తటి నల్ల చెప్పులు ఒక జత ఇప్పించింది. వెనక పట్టీ ఉన్నవి, జారిపోకుండా. ఇంట్లో వేసుకోవడానికి బాపు ఏమీ అనలేదు, షుగరోళ్ళ చెప్పులని చెప్పుకోవడానికి పనికొచ్చాయి కూడా. మగ్గం దగ్గరే పేచీ. మా ఇళ్ళల్లో పొద్దున్నే మగ్గాన్ని తాకి కళ్ళకద్దుకోనిదే ఎవరూ గుంతలోకి దిగరు. చెప్పులు గుంతలోకే కాదు, ఆ గదిలోకే రావు. అన్నం పెట్టే తల్లి అది.

అత్త కూడా ఆ ఇంట్లో పుట్టిందే. ఊరికే అడగలేదు. "కొత్త జత తెచ్చుకుంట అన్నా. బయట మన్ను తొక్కనియ్య. పసుపు రాసి, గుంతలనే పెట్టుకుంట" అంది.

"పసుపు రాస్తె చెప్పు దేవుడైతదా?" అన్నాడు బాపు.

"దేవునికి నా కాళ్ళ సంగతి తెల్వదా?"

"దేవునికి తెలుసు. నలుగురికి తెల్వదు గద" అన్నాడు ఆయన.

అత్త ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు పాత చీర పీలికలు పాదాలకు చుట్టుకుని గుంతలోకి దిగింది. అమ్మ నా వైపు చూసింది, నేను అమ్మ వైపు చూశాను. చదువుకున్నదాన్ని, కౌన్సిలరమ్మ మాట చెవులారా విన్నదాన్ని. ఆ చెప్పులు నేనే తీసుకెళ్ళి గుంతలో పెట్టి, ఏమంటావో అను బాపూ అని నిలబడి ఉంటే ఈ రాత అవసరం ఉండేది కాదు.

మొన్న దసరా సెలవులకు నేను ఊళ్ళోనే ఉన్నాను. అత్త పొద్దుటి నుంచి మగ్గం మీద ఉంది. మువ్వ, గంట, మువ్వ, గంట, ఒక్కసారి కూడా వరుస తప్పలేదు. టీ వేళకు లేచి వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చుంది. వెనకాలే అమ్మ "అయ్యో, నెత్తురు" అని అరిచింది. మగ్గం గది నుంచి వంటింటి దాకా షాబాదు బండల మీద ఎర్రటి అడుగులు పడి ఉన్నాయి. అత్త వంగి వాటిని చూసింది.

"ఎవలికి తాకిందే?" అని అడిగింది.

తొక్కుడు కర్ర ఎక్కడో చీలింది. ఆ చీలిక పీలికల్లోంచి అరికాల్లో దిగి, ఎప్పటి నుంచి ఉందో, పాదం కదిలినప్పుడల్లా లోపలికి పోతూ ఉంది. ఆమెకు తెలియదు. మువ్వ కూడా చెప్పలేదు. మువ్వకు కర్ర సంగతే తెలుసు, కాలి సంగతి తెలియదు.

ఇప్పుడు మేము చేసిన పని చెప్పాలి. అమ్మ "ఫినాయిల్ తే" అంది. నేను పరుగెత్తి తెచ్చాను. అమ్మ పోసింది, నేను చీపురుతో తోమాను. ఒక్కొక్క అడుగు మీదా పోసి తోమాం. మగ్గం గది గడప దాకా తోమి వెనక్కి తిరిగి చూస్తే, అత్త పీట మీద అలాగే కూర్చుని, కాలు మోకాలి మీద వేసుకుని, ఆ పుల్లను తనే గోళ్ళతో పట్టి లాగుతోంది. కింద నెత్తురు పడకుండా కాలి కింద తన కొంగు పట్టుకుంది. ఆమె రక్తంలో వైరస్ దొరకలేదన్న కాగితం ఆ గదిలోనే గూట్లో ఉంది. దాన్ని చదివి వినిపించింది నేనే. ఆ కాగితం లేకపోయినా, ముందు చూడవలసింది కాలు. కంచం వేరు చేయనివాళ్ళమని గొప్ప చెప్పుకున్న మేము ముందు బండలు కడిగాం. "కడిగిండ్రా? ఇగ జర నీళ్ళియ్యి కోడలా" అంది అత్త. కోపంగా అన్నా బాగుండేది.

సెలవులు అయిపోయి నేను షాద్‌నగర్ వచ్చేశాను. పుండు మానలేదు, జ్వరం వచ్చింది. బాపు పాలమూరు తీసుకుపోలేదు. ఊళ్ళోనే ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, అలవాటు కొద్దీ "షుగర్ ఉంది సార్" అన్నాడు. ఆ డాక్టరు తప్పేం లేదు, చెప్పిందే నమ్మాడు. పరీక్ష చేస్తే షుగర్ మామూలుగా ఉంది. "శభాష్ అమ్మా, షుగర్ ఇంత కంట్రోల్ల పెట్టుకున్నవ్, పుండు అదే మానుతది, ఫికర్ చేయకు" అన్నాడట. గోలీలు, పట్టీ రాసి పంపాడు. అత్త నోరు తెరవబోతే బాపు ఆమె భుజం మీద చేయి వేసి నొక్కాడు. ఇదంతా ఆమే ఫోన్లో చెప్పింది.

"నువ్వే చెప్పరాదా అత్తా?" అన్నాను.

"ఇన్నేండ్ల సంది షుగర్ అంటిమి. ఇప్పుడు గాదంటె మీ బాపు మొఖం ఏడ వెట్టుకుంటడు?"

"బాపు మొఖం సంగతి బాపు చూసుకుంటడు, నీ కాలు చూసుకో."

"నా కాలు నాకు తెలుస్తె గద బిడ్డా సూసుకోవడానికి" అంది.

ఆదివారం వస్తాను, నేనే పాలమూరు తీసుకుపోతాను అన్నాను. ఆ ఆదివారం బడిలో ఏదో పని పడింది. పై ఆదివారం వెళ్ళేసరికి పాదం నల్లబడింది. పాలమూరులో కౌన్సిలరమ్మ ఆ కాలు చూసి, "ఇన్ని రోజులు ఎక్కడున్నరు?" అని ఒక్క మాట అడిగింది. అక్కడి నుంచి హైదరాబాదు పంపారు. విషం అప్పటికే రక్తంలోకి పాకింది. వార్డులో ఎవరూ షుగర్ అనలేదు. కేసు షీటు మీద రోగం అసలు పేరే రాశారు. దాన్ని చూసి అత్త, "సరిగ్గ రాసిండ్రు" అంది. అంతకుమించి ఎక్కువ మాటలు నేను వినలేదు. పెట్టిన సెలవు అయిపోయి నేను బడికి తిరిగి వచ్చిన మూడో రోజు బాపు ఫోన్ చేశాడు.

పదకొండో రోజు ఇంటి మిద్దె మీద పిట్టకు పెట్టారు. చనిపోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా చూస్తారు. అమ్మ జొన్నరొట్టె పెట్టింది, వంకాయ కూర పెట్టింది, పక్కన గ్లాసులో టీ పోసింది. చుట్టూ పాతికమంది చుట్టాలు. ఎంతకీ కాకి రాలేదు. ఎండ ఎక్కుతోంది. ఏదో తక్కువైందని ఒకామె అంటే, ఇంకొకామె వంగి టీ గ్లాసు చూసి, "సక్కెర లేని చాయనే పోసిండ్రు గద. షుగర్ మనిషి, గంతే మంచిది" అని మెచ్చుకుంది. అమ్మ తల దించుకుంది. నిజంగానే చక్కెర వేయలేదు. చుట్టాలున్నారని వేయలేదు. చచ్చాక కూడా ఆమెకు చక్కెర పెట్టలేకపోయాం.

నేను గట్టిగానే అన్నాను. "మా అత్తకు షుగర్ లేకుండె. మా అత్తకు హెచ్ఐవీ ఉండె. దాంతోని కాళ్ళ నరాలు చచ్చినయి. మగ్గంల చెప్పులు ఏసుకుంటనంటె మేం ఏసుకోనియ్యలే. పుండైతె డాక్టరుకు నిజం జెప్పలే. అందుకు పోయింది."

చక్కెర సంగతి మాట్లాడిన ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒకరిద్దరు విస్తరి నుంచి కాస్త వెనక్కి జరిగారు, అది కూడా చూశాను. బాపు నా వైపు చూడలేదు. లేచి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కోపంతో వెళ్ళాడనుకున్నాను, వెళ్తే వెళ్ళనీ అనుకున్నాను.

కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. బాపు చక్కెర డబ్బా పట్టుకుని పైకి వచ్చాడు. అందరి మధ్యలోంచి నడిచి, విస్తరి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక చెంచా వేశాడు. ఇంకొకటి వేశాడు. మూడోది వేసి, ఇదివరకు చుట్టాలు గడప దాటాక కలిపి ఇచ్చినట్టే, వంగి కలపడం మొదలుపెట్టాడు. ఆయన్ని నేను ఇంకా క్షమించలేదు, నన్నూ క్షమించుకోలేదు. టీ ఎప్పుడో చల్లారిపోయింది. బాపు ఎంతసేపు కలిపినా చక్కెర కరగలేదు, గ్లాసు అడుగున తెల్లగా అలాగే ఉంది.